ఆరో కిటికీ లేని మీటరు

ఆ మీటరును నేను తాడిపత్రిలో ఒక పాత ఇనుము అంగట్లో చూశాను. ముఖాన వరసగా అయిదు కిటికీలు, కిటికీకొక అంకె. తొంభై తొమ్మిది వేల ఏడువందల చిల్లర దగ్గర ఆగిపోయి ఉంది. ఏదో బండల పాలిషింగు ఫ్యాక్టరీలో బతుకంతా తిరిగి తిరిగి, చివరికి తూకానికి అమ్ముడుపోయిన మీటరు. పాపం నాకంటే చాలా ఎక్కువ లెక్కలు చేసిందే అనుకుని గోనెసంచిలో చుట్టి బస్సెక్కించాను. నా లెక్కల చదువు ఆరో తరగతి నడిమధ్యలో ఆగింది. నేను బడి మానేశానని ఊళ్ళో అంటారు గానీ, పంతులుగారి రక్తపోటు దృష్టిలో పెట్టుకుని నేను బడికి సెలవిచ్చాననడం న్యాయం.

కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టడం నా పని. బెళుగుప్ప దిక్కున ఆ రోజుల్లో ఆ పనికి కరువు లేదు. కరువు ఉన్నదల్లా వానకే.

మా ఊళ్ళో ఏడు ఇళ్ళవాళ్ళు కలిసి వేసుకున్న పొత్తు బోరు ఒకటి ఉండేది. విడివిడిగా ఎవరు వేసినా దుమ్ము తప్ప రాకపోయేసరికి, ఏడుగురూ ఒక్కటై ఒకచోట వేస్తే నీళ్ళు పడ్డాయి. నీళ్ళతోపాటే తగాదాలూ పడ్డాయి. ఉన్నది ఒక్క మోటారు. వంతు వచ్చినవాళ్ళు తమవైపు మడవ తిప్పుకోవాలి. అంటే కాలువ గట్టుకు ఒకచోట మట్టి తీసి, ఇంకోచోట మట్టి వేసి నీళ్ళను తన చేనికి మళ్ళించుకోవాలి. మా దిక్కున తలకాయలు పగిలేది ఎక్కువగా ఆ మడవల దగ్గరే.

మొదట్లో గడియారం చూసి వంతులు పెట్టుకున్నారు. గడియారానికి కరెంటు అక్కర్లేదు, మోటారుకు కావాలి. నడుమ కరెంటు పోతే ఒకడు అర్ధగంట మిగిలిందంటాడు, ఇంకొకడు అప్పుడే అయిపోయిందంటాడు. నిన్న ఎవరిది వంతు అని అడిగితే ఏడు నోళ్ళలో ఏడు మాటలు. ఒకసారి పారలు తిరగేసి కొట్టుకున్నారు. చర్చి వీధిలో ఉండే ఒకాయన భుజం ఆ దెబ్బకు చాన్నాళ్ళు పైకి లేవలేదు. కూలికి పోతూ, ఉన్న ఎకరంలో చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేసుకునే మనిషి ఆయన. ఎవరు కొట్టారో చెప్పమంటే, తల వంచుకుని మట్టి తీస్తున్నవాడికి పార వెనకవైపు తప్ప ఏం కనపడుతుందని అడిగాడు.

అప్పుడు నేను ఈ మీటరు సంగతి చెప్పాను. అది పెద్ద ఫ్యాక్టరీకి చేసిన మీటరు. దాంట్లో ఒక్క అంకె కదలాలంటే మా మోటారు రెండు గంటలకు పైగా ఆడాలి. కరెంటు పోతే అంకె ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది. కాబట్టి ఒక్కో అంకె ఒక్కో వంతు. అది ఎవరి వంతో తెలియాలంటే ఆ అంకెను ఏడుతో భాగించాలి. మిగిలేది సున్నా నుంచి ఆరు దాకా ఏదో ఒకటే అవుతుంది. ఏడుగురికీ ఏడు మిగుళ్ళు. ఎవరి జ్ఞాపకంతోనూ పని లేదు, ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు.

ఏడుగురూ మోటారు కొట్టంలో చేరి, కర్పూరం వెలిగించి, స్టార్టరు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు. ప్రమాణంలోని మాటలు మాకందరికీ పెద్దదిక్కుగా ఉండే పెద్దాయన చెప్పించాడు. పెట్టె మీద కనపడే అంకెదే మాట. నిన్న ఎవరిది, మొన్న ఎవరిది, నా ముందెవరు, నా వెనకెవరు అనే మాట ఎత్తినవాడి నోరు పడిపోవాల. పాత గొడవలు చూసినవాళ్ళం గనక ఆ రెండో మాట అందరికీ భలే నచ్చింది.

చీటీలు వేసి మిగుళ్ళు పంచుకున్నారు. మా అక్కకు అయిదు వచ్చింది. చర్చి వీధి ఆయనకు ఆరు. పెద్దాయన తమ్ముడికి నాలుగు. పెద్దాయనకు సున్నా వచ్చింది. ఇంత ఆస్తి పెట్టుకుని నాకు సున్నానా అని ముఖం ముడుచుకున్నాడు. సున్నా అంటే ఏడుకు నిక్కచ్చిగా తెగిన అంకె పెద్దాయనా, మిగతావాళ్ళవన్నీ తెగకుండా మిగిలిపోయిన తుంటలు అని నేను అన్నాక కొంచెం విచ్చుకున్నాడు.

భాగించడానికి నాకొక దారి తెలుసు. ఏడు నూట నలభైమూళ్ళు వెయ్యిన్నొకటి. అంటే వెయ్యికి ఒకటి కలిస్తే ఏడుకు తెగుతుంది. ఏ వెయ్యి అయినా ఏడుకు ఒకటి తక్కువే. మీటరులో 99,874 ఉందనుకోండి. తొంభై తొమ్మిది వేలు కాబట్టి తొంభై తొమ్మిది తక్కువ. చివరి మూడంకెల్లోంచి అది తీసేస్తే, 874లో 99 పోను 775. ఏడు నూటపదులు 770. మిగిలింది అయిదు, మా అక్క వంతు. ఇంత పెద్ద అంకెను నమిలి మింగడానికి బీడీ ముట్టించినంతసేపు కూడా పట్టదు. మా అక్క రెండు రోజుల్లో పట్టేసింది. పెద్దాయన వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టేవాడు గానీ, తప్పేవాడు కాదు.

ఎండాకాలం అలా నెమ్మదిగా గడిచింది. ఒక్క పార కూడా తిరగబడలేదు. నేను చొక్కా కాలరు కొంచెం ఎత్తి తిరిగాను.

తొలకరికి ఒక పదును వాన పడింది. అందరూ విత్తనం వేశారు. ఆ తర్వాత మబ్బులు రావడం, మమ్మల్ని చూడటం, కర్ణాటకకు పోవడం. మా అక్కకు రెండెకరాలు. మా బావ పోయిన తర్వాత ఆమె సొంతంగా చేసిన మొదటి పంట అది. ఇంటి విత్తనాలన్నీ ఆ నేలలోనే ఉన్నాయి. చెనిక్కాయ చెట్లు పూత పూసి ఊడలు దిగే సమయానికి నేల పెంకులా గట్టిపడింది. ఊడ నేలలోకి దిగితేనే కాయ. ఆ వారంలో ఒక తడి పడితే పంట, పడకపోతే పశువులకు మేత. ఆమె రోజూ పొద్దున ఒక చెట్టు దగ్గర కూర్చుని, ఊడను వేలితో నేలకు ఆనించి చూసి, చప్పుడు లేకుండా లేచి వచ్చేది.

పెద్దాయనది చీనీ తోట, అంటే బత్తాయి. పదిహేనేళ్ళ చెట్లు. ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయాయి. ఆయన బాధా చిన్నది కాదు. పంట పోతే వచ్చే ఏడాది వేసుకోవచ్చు, చెట్టు పోతే మళ్ళీ పదిహేనేళ్ళ వయసు ఎక్కడినుంచి తెస్తాడు.

అప్పటికి మీటరు తొంభై తొమ్మిది వేల తొమ్మిదివందల ఎనభైల్లోకి వచ్చింది. అన్నీ తొమ్మిదులు వచ్చే రోజు మోటారుకు పూజ చేసి టెంకాయ కొడదామని నేనే వేళాకోళానికి అన్నాను. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ సున్నా దగ్గర బెదిరి ఆగిపోతాయని పేపర్లలో రాసింది ఆ మధ్యనే. మన మీటరు ఆ కంప్యూటర్ల కంటే గట్టిదప్పా అని అందరినీ నవ్వించాను. నవ్విస్తూనే స్టార్టరును గుడ్డతో తుడుస్తూ, అలవాటు కొద్దీ రాబోయే అంకెలను ఏడుతో భాగించుకుంటూ పోయాను.

99,995 తెగింది, పెద్దాయనది. అక్కడినుంచి ఒకటి, రెండు, మూడు. 99,999కి నాలుగు, పెద్దాయన తమ్ముడిది. ఆ తర్వాత లక్ష. లక్షలో వంద వేలు, అంటే వంద తక్కువ. నూట అయిదు ఏడుకు తెగుతుంది కాబట్టి మిగులు అయిదు. మా అక్క.

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. లక్షకు ఆరు అంకెలు కావాలి. పెట్టెకు ఉన్నవి అయిదు కిటికీలు. తొమ్మిదులన్నీ ఒక్కసారి తిరిగితే కనపడేది లక్ష కాదు, అయిదు సున్నాలు. సున్నాను ఏడుతో భాగిస్తే మిగిలేది సున్నా. పెద్దాయన వంతు. దాని తర్వాత ఒకటి, రెండు. అయిదూ ఆరూ ఆ చుట్టులో రానే రావు. మా అక్కా, చర్చి వీధి ఆయనా కాలువ గట్టు మీదే నిలబడిపోతారు. మళ్ళీ వాళ్ళ అంకె వచ్చేసరికి ఇంకో రెండు రోజులు దాటుతుంది. అప్పటికి ఊడలు ఎండి తీగల్లా వేలాడుతుంటాయి.

ఆ రోజు ఇక ఎవరినీ నవ్వించలేదు. అక్క ఇంటికి పోయి చెప్పాను. ఆమె రాగులు చెరుగుతోంది. చేట ఆపకుండా అంతా విని, ఒకే మాట అడిగింది.

"అయితే నా వంతు యాడికి పోతాది?"

"యాడికీ పోదు అక్కా. లక్షలో ఉండాది. లక్షే కనపడదు."

"కనపడనిదాన్ని చేనికి యెట్ల కట్టుకోవాలప్పా?"

నా దగ్గర ఒక ఉపాయం ఉంది. రెండు మరలు విప్పి, చక్రాలను వేలితో ఒక అంకె ముందుకో వెనక్కో జరిపితే చాలు. నా సంచిలో స్క్రూడ్రైవరు ఉంది, కొట్టం తాళంచెవి నా మొలతాడుకే ఉంది. ఆ మాట అనగానే చేట ఆగింది. ప్రమాణం చేసిన పెట్టెను గెలికితే రేపు ఎవరి వంతునూ ఎవరూ నమ్మరని, మళ్ళీ పారలు లేస్తాయని, ఆ నీళ్ళు తన చేనికి వద్దని అంది. తాళంచెవి కూడా తీసుకుని తన కొంగుకు కట్టుకుంది. నా మీద ఆమెకున్న నమ్మకం అంతటిది.

చర్చి వీధి ఆయనను వెంటబెట్టుకుని పెద్దాయన ఇంటికి పోయాం. ఆయన అరుగు మీద కూర్చుని ముందే వేళ్ళ కణుపులు లెక్కపెడుతున్నాడు. మేం చెప్పబోయింది ఆయనకు తెలుసని ఆ వేళ్ళే చెప్పాయి. చర్చి వీధి ఆయన నాలుగు తర్వాత వచ్చేది అయిదే కదా అనబోయాడు. పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. నా ముందెవరు, నా వెనకెవరు అనే మాట ఎత్తనని నువ్వూ కర్పూరం ముందర ఒట్టేసినావు అన్నాడు. చర్చి వీధి ఆయన తన పాత దెబ్బ తగిలిన భుజం తడుముకున్నాడు.

అప్పుడు నేను అందుకున్నాను.

"పెద్దాయనా, నీ ట్రాక్టరు మీటరు తిరిగి సున్నాకొస్తే బండి కొత్తదైతాదా?"

"కాదు" అన్నాడు పెద్దాయన. "కానీ అమ్మేటప్పుడు కొత్తదనే చెప్తాం."

అరుగు మీదున్నవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వలేదు. "నా చెట్లు సస్తాండాయి రా. నేను ఎవరి వంతూ గుంజుకోలేదు. పెట్టె ఇస్తాంటే వద్దనేంత మంచోణ్ణి మాత్రం కాదు" అన్నాడు. లోపలి గడపలో ఆయన భార్య నిలబడి ఉంది. మా అక్కను చూసి ఏదో అనబోయి, మజ్జిగ తెచ్చి చేతిలో పెట్టింది.

ఆ తర్వాత ప్రతి వంతుకూ మా గుండెల్లో ఒక చక్రం తిరిగింది. తొంభై ఆరు, తొంభై ఏడు. పెద్దాయన మనుషులు ఆయన మడవ దగ్గర ముందుగానే మట్టి తీసి సిద్ధంగా పెట్టుకున్నారు. చర్చి వీధి ఆయన తన పారకు కొత్త కట్టె వేయించుకున్నాడు. పాతది బాగానే ఉంది కదా అంటే, ఊరికే అన్నాడు. ఊరికే పారకు కట్టె వేయించుకునేవాణ్ణి నేను అంతవరకు చూడలేదు.

ఆ వారం కరెంటు పొద్దున పూట. తొమ్మిదులన్నీ నిలబడిన రోజు కొట్టం దగ్గర ఏడు ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. మోటారు ఆడుతోంది, నీళ్ళు పెద్దాయన తమ్ముడి చేనికి పోతున్నాయి. పెద్దాయన భార్య పళ్ళెంలో టెంకాయ, పసుపు, కుంకుమ పట్టుకొచ్చింది. మోటారుకు పూజ చేయాలన్న నా వేళాకోళాన్ని ఆమె నిజంగానే తీసుకుంది. ఒక మడవ దగ్గర పెద్దాయన మనిషి, ఇంకో మడవ దగ్గర చర్చి వీధి ఆయన. ఇద్దరి చేతుల్లోనూ పారలు. ఒకరినొకరు చూసుకోవడం లేదు. చూసుకుంటున్నా బాగుండునని నాకు అనిపించింది.

మీటరులో చివరి చక్రం పైకి జరగడం మొదలుపెట్టింది. మామూలుగా అదొక్కటే కదులుతుంది. ఆ రోజు తను పోతూ పక్కదాన్ని లాగింది, అది దాని పక్కదాన్ని లాగింది, అయిదూ కలిసి కదిలాయి. ప్రతి కిటికీలోనూ పైన సగం తొమ్మిది, కింద సగం సున్నా.

కరెంటు పోయింది.

మోటారు మూలిగి ఆగింది. కాలువలో నీళ్ళు కాసేపు పారి, బురదై నిలిచిపోయాయి. కిటికీల్లో తొమ్మిదీ కాదు, సున్నా కాదు. మిగులు చూస్తే నాలుగూ కాదు, సున్నా కాదు. పెద్దాయన తమ్ముడు వంతు ఇంకా తనదే అన్నాడు. చర్చి వీధి ఆయన కట్టె మార్చిన పారను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి తీసుకున్నాడు. పెద్దాయన మనిషి రెండడుగులు ఇవతలికి వచ్చాడు. నా బతుకులో మొదటిసారి, ఏదో ఒకటి అని నవ్వించాలని నోరు తెరిచి, నోట్లో ఏమీ లేదని తెలుసుకున్నాను.

మా అక్క పెద్దాయన భార్య దగ్గరకు పోయింది.

"అత్తా, రవ్వంత కుంకుమ ఇస్తావా?"

మా బావ పోయిన నాటినుంచి మా అక్క కుంకుమ ముట్టింది లేదు. ముట్టనిచ్చేవాళ్ళూ లేరు. పెద్దాయన భార్య మొగుడివైపు చూడలేదు. పళ్ళెం రెండు చేతులతో ముందుకు చాపింది.

అక్క ఉంగరం వేలు కుంకుమలో ముంచి, కొట్టంలోకి వచ్చి, మీటరు పెట్టె మీద మొదటి కిటికీకి ఎడమపక్క నిలువుగా ఒక గీత గీసింది. వేలు కొంగుకు తుడుచుకుంది.

"పెట్టె మీద కనపడే అంకెదే మాట అంటిరి మామా. ఇప్పుడు కనపడతాండాది" అంది.

పెద్దాయన దగ్గరికి వచ్చి చూశాడు. గీసింది కుంకుమతో. పూజ పళ్ళెంలోది. పళ్ళెం ఆయన ఇంటిది. ఆయన చెయ్యి కొంచెం లేచింది, పెట్టె దాకా పోలేదు. భార్య వైపు తిరిగాడు. ఆమె టెంకాయను కింద రాయికి కొట్టి, నీళ్ళు మోటారు మీద చల్లుతోంది.

ఎంతసేపు అలా నిలబడ్డామో చెప్పలేను. తలలు మాడిపోతున్నాయి, నీడకు ఎవరూ పోలేదు. కరెంటు వచ్చిన సంగతి కొట్టంలోని బల్బు చెప్పింది. నేను స్టార్టరు నొక్కాను. చక్రాలు మిగిలిన సగమూ తిరిగి, అయిదు సున్నాలు కిటికీల నడిమధ్యలో కుదురుకున్నాయి. ఎర్రటి ఒకటి, వెనక అయిదు తెల్లటి సున్నాలు. అంత పెద్ద అంకెను అంత దగ్గరగా మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు.

పెద్దాయన కణుపుల మీద బొటనవేలు పెట్టాడు. పెదవులు కదిలాయి. నూరు తక్కువ. నూట అయిదు తెగుతాది. అయిదు. మళ్ళీ ఒకసారి చేశాడు, మళ్ళీ అయిదే వచ్చింది. మడవ దగ్గరున్న మనిషికి వినపడేలా అన్నాడు.

"మట్టి కప్పెయ్. ఆయమ్మకు కట్టు."

కొత్త కట్టె పారతో మడవ తెరిచింది చర్చి వీధి ఆయనే. తర్వాతి వంతు తనదని ఆయనకు తెలుసు కాబట్టి ఒక్క గడ్డ కూడా అడ్డం లేకుండా తెరిచాడు. నీళ్ళు మా అక్క చేనిలో మొదటి సాలు పట్టుకున్నాయి. నాలుగైదు సాళ్ళు తడిశాయో లేదో, మళ్ళీ కరెంటు పోయింది. కరెంటు పోయినా అంకె అక్కడే ఉంటుంది, అంకె ఉన్నంతసేపూ వంతు ఆమెదే. అందరూ సద్ది తినడానికి ఇళ్ళకు పోయారు. నేను కాలిన వాసన వస్తోందని స్టార్టరు విప్పుకుని కూర్చున్నాను.

అక్క చేనికి పోలేదు. కొట్టం గడపలో, మీటరు పెట్టెకు ఎదురుగా, పార ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గొర్రె వచ్చినా, గాలి లేచినా పెట్టె వైపు చూసేది. తిని రమ్మంటే తల ఊపింది, కదల్లేదు.

మధ్యాహ్నం పెద్దాయన తోటలోంచి వస్తూ ఆగాడు. చేతిలో చీనీ ఆకులు కొన్ని ఉన్నాయి. నలిపి చూసుకుంటూ వచ్చినట్టున్నాడు.

"ఇంటికి పోలేదా పాపా? నీ వంతును ఎవరు ఎత్తకపోతారు?"

"ఎవరూ ఎత్తకపోరు మామా. వానొస్తే గీత చెరిగిపోతాది, అందుకే కూచున్యా."

పెద్దాయన ఆకాశం వైపు చూశాడు. మబ్బు తునక కూడా లేదు. ఆకులు కింద పడేసి, గడపకు ఇవతల, ఆమెకు కొంచెం దూరంగా నేల మీద కూర్చున్నాడు.

"వానొస్తే ఈ పెట్టెను చూసే నా కొడుకెవడే" అన్నాడు.

ముగ్గురమూ బల్బు వైపు చూస్తూ కూర్చున్నాం.